ఎద దగ్గర ఆగే ఆవు, చూడి దగ్గర జారే ఆవు: ఒక మెట్ట మందలో ఒంగోలు, జెర్సీ సంకర జాతుల పోలిక

నేపథ్యం

ఈ కేసు ప్రకాశం జిల్లా పడమటి మెట్టలోని ఒక మందది. ఊరు, కుటుంబం, గుర్తుపట్టడానికి వీలిచ్చే వివరాలు విడిచిపెట్టాను. మందకు సంబంధించిన అంకెలు ఉజ్జాయింపుగానే ఇస్తున్నాను. యజమాని వద్ద డజనుకు పైగా ఒంగోలు ఆవులు, దాదాపు అన్నే జెర్సీ సంకర ఆవులు ఒకే ఆవరణలో ఉన్నాయి. రెండింటికీ మేత ఒకే పొలం నుంచి వస్తుంది, కృత్రిమ గర్భధారణ చేసే మనిషి ఒకరే, వీర్యం నింపిన సన్న గొట్టాలు, అంటే స్ట్రాలు, వచ్చేది ఒకే నైట్రోజన్ కంటైనర్ నుంచి. రెండు జాతుల పునరుత్పత్తి సామర్థ్యాన్ని పోల్చడానికి పల్లెలో ఇంతకంటే అనువైన మంద దొరకదనిపిస్తుంది. ఆ పోలిక ఎంతవరకు చెల్లుతుందో తేల్చుకోవడమే ఈ కేసులో ఎక్కువ సమయం తీసుకున్న పని.

గుండ్లకమ్మ, మూసి, పాలేరు పారే ఈ నేలలే ఒంగోలు జాతికి పుట్టినిల్లు. ఇక్కడి రైతు ఈ ఆవును పాల కంటే కోడెల కోసమే ఎక్కువగా పెంచుతాడు. ట్రాక్టర్లు వచ్చి సేద్యపుటెడ్ల అవసరం తగ్గినా, బండలాగుడు పోటీలకు పనికొచ్చే కోడెకూ విత్తనపు ఆబోతుకూ గిరాకీ నిలిచే ఉంది. ఇదే జాతి బ్రెజిల్ వెళ్లి, నెల్లూరు పేరు మీదుగా నెలోర్ అయి, ఆ దేశపు మాంసపు పశువుల్లో అత్యధిక భాగానికి మూలమైంది; పందొమ్మిదో శతాబ్దంలో మొదలైన ఆ వలసలో చెప్పుకోదగిన చివరి పెద్ద విడత 1962లో వెళ్లింది. మన రాష్ట్రంలో గోవధను 1977 చట్టం నిషేధించింది కనుక ఇక్కడ మాంసపు పశువు అనే ఆలోచనే లేదు. అయినా ఒక పోలిక ఉంది. బ్రెజిల్ పశువుల ఆసామికి ఆవు ఇచ్చేది ఏటా ఒక దూడ మాత్రమే. మన ఒంగోలు రైతుకూ ఆదాయం దూడ రూపంలోనే వస్తుంది. సంకర ఆవు యజమానికి మాత్రం దూడ కంటే పాలు ముఖ్యం. అందుకే ఒంగోలు ఆవు చూడి విషయంలో పాడి పశువుల మీద రాసిన పాఠాల కంటే, ఉష్ణ, ఉపోష్ణ మండలాల్లో మాంసపు పశువుల మీద జరిగిన పరిశీలనలే నాకు ఎక్కువ అక్కరకు వచ్చాయి.

వచ్చిన సమస్య

యజమాని వైద్యం అడగడానికి రాలేదు, తాను చేసుకున్న నిర్ణయం మంచిదో కాదో చెప్పమని వచ్చాడు. "ఒంగోలువి అమ్మేసి సంకరజాతివే ఉంచుకుందామనుకుంటున్నాను డాక్టరు గారూ. ఇవి ఈనిన తర్వాత ఏడాది గడిచినా ఎదకు రావు. అవైతే నెల తిరక్కుండా వస్తాయి" అన్నాడు. ఆయన చేతిలో ఒక పాత డైరీ ఉంది. ఎద చూసిన తేదీ, సూది (కృత్రిమ గర్భధారణను ఇక్కడ అలాగే అంటారు) వేయించిన తేదీ, ఈనిన తేదీ, పుట్టింది కోడెదూడో పెయ్యదూడో అన్నీ అందులో రాసి ఉన్నాయి. ఈ ప్రాంతంలో ఇంత ఓపికగా రాసుకునే రైతు అరుదు. ఆ డైరీ లేకుంటే ఈ కేసు రాయడానికి ఏమీ ఉండేది కాదు.

సూదులు వేసే వ్యక్తి మాట దీనికి పూర్తిగా భిన్నం. ఆయన లెక్కలో ఒంగోలు ఆవే మేలైనది, ఎందుకంటే ఎదలో దొరికినప్పుడు చాలావరకు మొదటి స్ట్రాతోనే చూడి నిలుస్తుంది. సంకర ఆవులకు మాత్రం మూడు, నాలుగు స్ట్రాలు ఖర్చవుతున్నాయి. ఇద్దరూ ఒకే మందను చూస్తూ ఎదురెదురు తీర్పులు చెబుతున్నారు, ఇద్దరి తీర్పుకూ డైరీలో ఆధారం ఉంది. ఎదకు రావడాన్ని సామర్థ్యంగా తీసుకుంటే సంకర ఆవు గెలుస్తుంది. కానీ ప్రతి మూడు వారాలకూ ఎదకు వస్తున్న ఆవు చూడి నిలవకనే వస్తోంది. యజమాని చురుకుదనం అనుకున్నది నిజానికి తిరగపొర్లడం, అంటే సూది నిలవక మళ్లీ మళ్లీ ఎదకు రావడం. స్ట్రాకు ఎన్ని చూడులు అన్నది కొలతగా తీసుకుంటే ఒంగోలు గెలుస్తుంది, అయితే ఎదలో కనిపించని ఆవులు ఆ లెక్కలోకే రావు.

కాబట్టి మూడో కొలత తీసుకున్నాను: ఒక ఏడాదిలో చూడి కట్టడానికి అర్హమైన ఆవులు ఎన్ని, వాటిలో బతికిన దూడను ఇచ్చినవి ఎన్ని. మాంసపు పశువుల మందల్లో వాడేది ఈ కొలతే. దానితో చూస్తే రెండు జాతుల మధ్య చెప్పుకోదగిన తేడా కనిపించలేదు. రెండూ సగానికి అటూ ఇటూగా ఉన్నాయి. ఫలితం ఒకటే అయినా కారణాలు ఒకటి కావాలని లేదు. ఒంగోలు ఆవు సూది దాకా చేరడం లేదు. సంకర ఆవు సూదిని దాటి చూడి దాకా చేరడం లేదు. ఇక్కడి నుంచి దీన్ని రెండు వేరు వేరు కేసులుగా నడపాలని నిర్ణయించుకున్నాను.

పరిశీలన

ముందు రెండు జాతులకూ ఉమ్మడిగా ఉండగల కారణాలను తీసివేయాలి. చూడి పోగొట్టే అంటువ్యాధి బ్రూసెల్లోసిస్ పరీక్షలో ఏదీ తేలలేదు. ఎదలో జారే జిగురు తీగలు స్వచ్ఛంగానే ఉన్నాయి, గర్భాశయ వాపు లక్షణాలు లేవు. అదే మనిషి, అదే కంటైనర్‌లోని వీర్యంతో ఒంగోలు ఆవులకు మొదటి సూదికే చూడి నిలుపుతున్నాడు కనుక వీర్యం నాణ్యతను, చేతి పనిని అనుమానించడానికి బలమైన కారణం కనిపించలేదు.

ఒంగోలు ఆవుల విషయంలో అంతకు ముందు చేతి పరీక్షలో "అండాశయాలు చిన్నవి, పని చేయడం లేదు" అని రాసి ఉంది. ఈ మాటను అలాగే తీసుకోవడానికి నాకు సంకోచం కలిగింది. మూపురమున్న జాతుల్లో ఎద తర్వాత, అండం విడుదలైన చోట ఏర్పడే కార్పస్ లూటియం అనే చిన్న గడ్డ యూరప్ జాతుల కంటే చిన్నది, పైగా అండాశయపు కండలోకి కూరుకుపోయి ఉంటుంది. వేలికి కిరీటంలా తగలదు. నాలుగో ఈత ఆవు ఒకటి ఉంది. ట్రావిస్‌లో (పశువును కదలకుండా నిలిపే చట్రం) నిలబెట్టి చేతితో చూస్తే రెండు అండాశయాలూ చిక్కుడు గింజంత నున్నగా, ఏమీ లేనట్టే ఉన్నాయి. స్కానింగ్ ప్రోబ్ పెట్టగానే కుడి అండాశయంలో సుమారు 18 మిల్లీమీటర్ల కార్పస్ లూటియం స్పష్టంగా కనిపించింది. అంటే ఆ ఆవు ఇటీవలే ఎదకు వచ్చి వెళ్లింది, ఎవరూ చూడలేదు. ఇలా స్కానింగ్ చేస్తే ఒంగోలు ఆవులు రెండు గుంపులయ్యాయి: ఎద చక్రం నడుస్తున్నా ఎద కంటపడనివి కొన్ని, నిజంగానే ఎద ఆగిపోయినవి కొన్ని.

ఆగిపోయినవి ఏవి అన్న ప్రశ్నకు డైరీయే సమాధానం చెప్పింది. వాటిలో ఎక్కువ భాగం కోడెదూడలను ఈనినవి. ఇది శరీరధర్మం కాదు, పందేల ఆశ. కోడెదూడ పుడితే దాన్ని ఏడాది వరకూ తల్లి పక్కనే వదిలి పాలన్నీ తాగనిస్తారు. పెయ్యదూడ పుడితే ఇంటికి కాసిన్ని పాలు పితుక్కుంటూ పూటకు కొద్దిసేపే దూడను వదులుతారు. తల్లి తన దూడను గుర్తుపట్టి చీకనిస్తున్నంత కాలం మెదడు నుంచి వెలువడే, అండం విడుదలకు అవసరమైన ఎల్‌హెచ్ హార్మోన్ అలలు అణగి ఉంటాయి. పొదుగు నరాలను తెంచినా, సొంత దూడ దగ్గరే ఉంటే ఆ అణచివేత తొలగదని మాంసపు ఆవుల మీద చేసిన ప్రయోగాలు చూపాయి. దీనికి తోడు ఆ ఆవుల దేహస్థితి స్కోరు ఐదింటికి రెండు దగ్గరే ఉంది. వరిగడ్డి, జొన్న చొప్ప మీదే బతుకుతూ బరువైన కోడెదూడకు పాలిస్తున్న ఆవు ముందు తన ఒళ్లు కరిగించుకుంటుంది. మళ్లీ చూడి కట్టే సంగతి అన్నిటికంటే చివరికి పోతుంది. రైతు జాతి లోపం అనుకున్నదాంట్లో సగం, దూడ మగదా ఆడదా అన్నదాన్ని బట్టి మారుతున్న పెంపకం.

సంకర ఆవుల పేజీలను నెలల వారీగా విడదీసి చూశాను. కార్తీకం నుంచి మాఘం వరకు వేసిన సూదుల్లో ఎక్కువ భాగం నిలిచాయి. మార్చి ఆఖరు నుంచి జూన్ దాకా వేసినవి వరుసగా పోయాయి. సుమారు 21 రోజులకే తిరిగి వచ్చినవి ఎక్కువ, నెలన్నరకు వచ్చినవి కొన్ని. మొదటి రకం గర్భం అసలు కుదరకపోవడాన్నో, పిండం తొలి రోజుల్లోనే పోవడాన్నో సూచిస్తుంది. రెండో రకం కాస్త నిలిచి ఆ తర్వాత పోయినది. కొట్టం సిమెంటు రేకులది, ఎత్తు తక్కువ, పడమర వైపు గోడ. మే నెల మధ్యాహ్నం మూడు గంటలకు థర్మామీటరు పెడితే సంకర ఆవుల ఒంటి వేడి 40 డిగ్రీల సెల్సియస్ దాటింది. అదే కొట్టంలో పక్కనే కట్టేసిన ఒంగోలు ఆవులది 39 దగ్గర ఆగింది. పల్చని నున్నటి వెంట్రుక, పెద్ద చెమట గ్రంథులు, లోపల తక్కువ వేడి పుట్టించే జీవక్రియ, ఇవన్నీ ఒంగోలు పక్షాన ఉన్నాయి. పిండం స్థాయిలోనూ తేడా ఉంది: ప్రయోగశాలలో 41 డిగ్రీల వేడికి గురిచేసినప్పుడు మూపురమున్న జాతుల పిండాలు యూరప్ జాతుల పిండాల కంటే మెరుగ్గా నిలదొక్కుకుంటాయి.

ప్రయత్నించినవి, ఫలించనివి

యజమాని నా దగ్గరకు రాకముందే అన్ని పశువులకూ ఖనిజ లవణ మిశ్రమం మొదలుపెట్టాడు. అది మంచిదే, ఇప్పటికీ కొనసాగుతోంది. కానీ దానివల్ల ఎదలో గాని, చూడిలో గాని మార్పు కనిపించలేదు. శక్తి చాలక ఒళ్లు కరుగుతున్న ఆవుకు ఖనిజాలు మాత్రమే ఇస్తే పెద్దగా ఒరిగేదేమీ ఉండదు.

చక్రం నడుస్తున్న ఒంగోలు ఆవులకు ఎద గుర్తించడం కోసం తోక మొదట రంగు పట్టీ వేయించాం. ఇంకో ఆవు మీదెక్కినప్పుడు రంగు చెరిగిపోతే అది ఎదలో ఉన్నట్టు. వారాలు గడిచినా రంగు చెక్కుచెదరలేదు, ఎందుకంటే ఆవులన్నీ రాత్రింబవళ్లు పలుపులతో గుంజలకు కట్టేసి ఉన్నాయి. కట్టేసిన ఆవు మీద ఇంకో కట్టేసిన ఆవు ఎలా ఎక్కుతుంది?

ఎద ఆగిన ఆవుల్లో కొన్నింటికి పశువైద్యశాలల్లో మామూలుగా వాడే పద్ధతిని, అంటే జీఎన్‌ఆర్‌హెచ్ (అండం విడుదలను పురికొల్పే హార్మోన్), ఏడు రోజులకు ప్రోస్టాగ్లాండిన్ (కార్పస్ లూటియాన్ని కరిగించేది), మళ్లీ రెండు రోజులకు జీఎన్‌ఆర్‌హెచ్ ఇచ్చి మర్నాడు సూది వేసే పద్ధతిని వాడి చూశాం. ఒక్కటీ నిలవలేదని చెప్పను గాని, ఫలితం ఖర్చుకు తగినట్టు లేదు. మొదటి జీఎన్‌ఆర్‌హెచ్‌కు అండం విడుదల కావాలంటే అండాశయంలో తగినంత పెరిగిన పుటిక (అండం పెరిగే నీటి సంచి) ఉండాలి. ఎద ఆగిన ఆవులో పుటికలు ఆ దశకు చేరకుండానే ముడుచుకుపోతాయి. అండం విడుదల కాకపోతే కార్పస్ లూటియం ఏర్పడదు, ఏడో రోజు ప్రోస్టాగ్లాండిన్‌కు కరిగించడానికి ఏమీ ఉండదు, ఆ తర్వాతి లెక్కంతా తప్పిపోతుంది.

సంకర ఆవుల కోసం మధ్యాహ్నాలు కొట్టంలో నీళ్లు చల్లించాం. గాలి ఆడని కొట్టంలో ఆ నీటి ఆవిరి లోపలే నిలిచి ఉక్క పెరిగింది. సాయంత్రానికి ఒంటి వేడి తగ్గలేదు సరిగదా, ఆవులు నోరు తెరిచి రొప్పడం ఎక్కువైంది. ఆ పని వెంటనే ఆపించాను.

పని చేసినవి

ఒంగోలు ఆవులకు మొదటి మార్పు రాత్రిపూట పలుపు విప్పడం. కొట్టం వెనక ఖాళీ స్థలానికి ముళ్ల కంచె వేసి, చీకటి పడ్డాక ఆవులను అందులోకి వదిలేలా చేశాం. నెలోర్ ఆవుల్లో ఎద సుమారు పది, పదకొండు గంటలే ఉంటుందని, అందులో చాలా భాగం రాత్రివేళే గడిచిపోతుందని బ్రెజిల్‌లో గమనించారు. పుట్టినింటి ఒంగోలుకు అది వర్తించదనుకోవడానికి కారణం లేదు. ఉదయం పాలు పితికే వేళకు, సాయంత్రం మేత వేసే వేళకు మాత్రమే చూసే కంటికి ఆ ఎద దొరకదు. యజమాని తండ్రి ఆరుబయటే పడుకుంటాడు, తెల్లవారుజామున లేచే అలవాటు కూడా ఉంది. నాలుగు గంటల ప్రాంతంలో ఒకసారి టార్చి వేసి తోక పట్టీలు చూడమని ఆయనకు అప్పగించాం. అంతకు ముందు ఫలించని రంగు పట్టీ విప్పిన మందలో పని చేసింది. తెల్లవారుజామున చెరిగిన పట్టీ కనిపిస్తే ఎద రాత్రే మొదలైనట్టు లెక్క; అందుచేత సాయంత్రం దాకా ఆగకుండా ఆ ఉదయం దాటేలోపే సూది వేయించాం.

రెండోది దూడల పాల పద్ధతి. ఇక్కడ యజమానితో వాదన తప్పలేదు. పందెపు కోడెకు పాలు తగ్గించడం ఆయనకు నచ్చలేదు, ఆ అభ్యంతరంలో అర్థం లేకపోలేదు కూడా. మధ్యేమార్గంగా, ఈనిన రెండు నెలల తర్వాత కోడెదూడను తల్లికి కనిపించని చోట కట్టి, పొద్దునా సాయంత్రమూ అరగంట చొప్పున మాత్రమే వదలాలని, లోటు భర్తీకి దూడకు తవుడు, వేరుశనగ చెక్క కలిపిన దాణా, సుబాబుల్ ఆకు విడిగా పెట్టాలని ఒప్పించాను. తల్లులకు కూడా ఈనడానికి రెండు నెలల ముందు నుంచే దాణా మొదలుపెట్టించాం. ఈనిన తర్వాత ఒళ్లు చేయించడం కష్టం, ఈనేటప్పటికే ఒళ్లు ఉండేలా చూడడం తేలిక.

ఇవి చేశాక కూడా ఎదకు రానివాటికి, దేహస్థితి స్కోరు రెండున్నర దాటిన తర్వాతే, ప్రొజెస్టిరాన్ హార్మోన్ విడుదల చేసే పరికరాన్ని యోనిలో ఏడు రోజులు ఉంచి, తీసిన రోజు ప్రోస్టాగ్లాండిన్‌తో పాటు 400 యూనిట్ల ఈసీజీ (చూడి గుర్రం నుంచి తీసే హార్మోన్) ఇచ్చి, రెండు రోజులకు జీఎన్‌ఆర్‌హెచ్ ఇచ్చి, ఆ మర్నాడు ఎద కోసం చూడకుండానే సూది వేయించాం. ప్రొజెస్టిరాన్ ఆగిన చక్రాన్ని మేల్కొలుపుతుంది, ఈసీజీ చివరి దశలో పుటికను పెంచుతుంది. మొదటి పద్ధతిలో లోపించినవి సరిగ్గా ఈ రెండే. బ్రెజిల్‌లో ఎద చూడకుండా నిర్ణీత సమయానికి సూది వేసే విధానం అంతగా పాతుకుపోవడానికి నెలోర్ ఆవు ఎద పొట్టిగా, రాత్రివేళ ఉండడం ఒక ముఖ్య కారణం. ఒళ్లు లేని ఆవుకు ఈ మందులు వాడడానికి మాత్రం నేను ఒప్పుకోలేదు. నిలిచినా ఆ ఆవు భరించలేదు.

సంకర ఆవులకు చేసింది మందుల పని కాదు. పడమటి గోడను నడుము ఎత్తుకు కూల్చి గాలికి దారి ఇచ్చాం. మధ్యాహ్నాలు ఆవులను వేప చెట్ల కిందికి మార్చి, తడిపితే అక్కడే, గాలి తగిలే చోట తడపమన్నాం. మేతలో ఎక్కువ భాగాన్ని రాత్రికి మార్చాం. వీటన్నిటికంటే ఎక్కువ పని చేసింది మాత్రం సూదుల క్యాలెండరు. ఏప్రిల్ నుంచి వేసవి అయ్యేదాకా సంకర ఆవులకు సూది వేయించవద్దని చెప్పాను. పిండం మొదటి రెండు రోజుల్లో వేడికి బాగా సున్నితంగా ఉంటుంది, ఆ తర్వాత క్రమంగా తట్టుకునే శక్తి వస్తుంది. రోహిణి కార్తెలో సూది వేయించడమంటే ఆ రెండు రోజుల మీద పందెం కాయడమే. మృగశిర చినుకు పడగానే మొదలుపెట్టమని కూడా చెప్పలేదు. ఎండల్లో దెబ్బతిన్న అండాల ప్రభావం ఆ తర్వాత రెండు, మూడు చక్రాల వరకు ఉంటుంది కనుక, ఈశాన్య రుతుపవనం ముందు నుంచి మొదలుపెట్టి చలికాలమంతా వాడుకోమన్నాను. అప్పుడు చూడి నిలిచినవి ఆ మరుసటి ఏడాది ఎండలు తగ్గాక ఈనుతాయి, పచ్చిమేత దొరికే కాలానికి పాలలో ఉంటాయి. దీనికి మూల్యం ఉంది: ఈతలన్నీ ఒక కాలానికి చేరి వేసవిలో పాలు తగ్గుతాయి, ధర బాగున్న నెలల్లో పాల కేంద్రానికి పోసే పాలు పడిపోతాయి. అందుకని రెండు, మూడు ఆవులను ఈ నియమం నుంచి తప్పించి, ఏమవుతుందో ముందే తెలిసి వేసవిలోనూ సూదులు వేయించుకుంటానని యజమాని అన్నాడు. అది ఆయన లెక్క, నేను కాదనలేదు.

తర్వాతి రెండు ఈతల కాలంలో ఒంగోలు ఆవుల ఈతల మధ్య ఎడం తగ్గింది, కోడె తల్లులకూ పెయ్య తల్లులకూ మధ్య ఉన్న తేడా దాదాపు చెరిగిపోయింది. సంకర ఆవుల్లో స్ట్రాల ఖర్చు సగానికి దగ్గరగా పడిపోయింది. ఒకటి రెండు ఒంగోలు ఆవులు ఏం చేసినా చూడి కట్టలేదు, వాటిని విడిగా పరిశీలించాల్సి ఉంది.

ఈ కేసు నుంచి తీసుకున్నవి

జాతులను పోల్చేటప్పుడు ఈతల మధ్య ఎడాన్ని నేరుగా పక్కపక్కన పెట్టకూడదు. జెర్సీ సంకర ఆవు 280 రోజుల దగ్గర ఈనుతుంది, ఒంగోలు ఆవు మరో పది రోజులు మోస్తుంది. ఏడాదికో దూడ కావాలంటే ఒంగోలుకు చూడి నిలవడానికి మిగిలేది 75 రోజులే, సంకర ఆవుకు 85. సమానంగా పని చేసిన రెండు ఆవుల్లో ఒకటి ఎప్పుడూ వెనకబడినట్టే కనిపిస్తుంది.

చోటు సంగతి కూడా ఉంది. అమెరికాలో ఫ్లోరిడాకు, మొంటానాకు అలవాటుపడిన హెర్‌ఫర్డ్ అనే మాంసపు జాతి మందలను అటూ ఇటూ మార్చి చూసినప్పుడు, ఒకే జాతి అయినా ఏ మంద ఆ మంద తన చోటనే మెరుగ్గా చూడి కట్టింది. ఒక చోట ఒక జాతికి తేలిన అంకెను ఇంకో చోటికి మోసుకుపోవడం ఎంత ప్రమాదమో ఆ ప్రయోగం చాలా కాలం కిందటే చూపింది. నెలోర్ గురించి బ్రెజిల్ అంకెలను నేను వాడుకున్నది ఎక్కడ వెతకాలో తెలుసుకోవడానికే, ఎంత ఆశించాలో నిర్ణయించడానికి కాదు. వేడిని తట్టుకోవడం మూపురమున్న జాతులకే పరిమితం కూడా కాదు. కరీబియన్ ప్రాంతపు సెనెపోల్ మూపురం లేని జాతే, నున్నటి పొట్టి వెంట్రుకతో ఎండను తట్టుకుంటుంది.

ఇలాంటి మందను చూడబోయే మిత్రులకు నేను చెప్పేది, డైరీ ఉంటే ముందు నెలల వారీగా, ఆ తర్వాత దూడ మగా ఆడా అన్నదాని వారీగా విడదీయండి. జాతి పేరు మీద విడదీయడం చివరికి పెట్టుకోండి. ఒంగోలు ఆవు అండాశయాల మీద చేతి పరీక్షతో తీర్పు రాయకండి, స్కానింగ్ లేకపోతే పది రోజుల ఎడంలో రెండుసార్లు చూడండి.

ఈ మందలో ఇంకా చేతికి చిక్కని సమస్య ఒంగోలు పడ్డలది, అంటే ఇంకా ఈనని పెయ్యలది. మొదటి ఎద ఆలస్యంగా రావడం ఈ జాతిలో ఉన్నదే, కానీ ఇక్కడ అది మరీ ఆలస్యం. పాలు మరిచిన తర్వాత పెయ్యలను బీడు మీదికి వదిలేసి ఈడొచ్చేదాకా పట్టించుకోకపోవడం దానికి కారణమని నా అనుమానం. ఈ ఏడాది పుట్టిన పెయ్యలకు దాణా మొదలుపెట్టించి, నెలనెలా ఛాతీ చుట్టుకొలత తీసి అదే డైరీలో కొత్త పేజీలో రాయిస్తున్నాను.